పతన నిరోధక దుప్పటి

మా రాష్ట్ర జలపక్షి వీక్షణ మండలి నియమావళిలో ‘బిగింపు’ అనే అధ్యాయం పదకొండు పేజీలు. ‘పతనం’ అనే అధ్యాయం పంతొమ్మిది పేజీలు. పక్షుల గురించి ఒకటిన్నర పేజీ ఉంది. మొదటి రెండు అధ్యాయాలూ నేనే రాశాను. రెండు వారాల్లో రాశాను. ఒక మనిషి ఉద్యోగం కాపాడటానికి రాశాను. నిజానికి ఒక్క వాక్యం రాస్తే ఆ మనిషి బయటపడేవాడు. ఆ ఒక్కటీ రాసే ధైర్యం లేక ముప్పై పేజీలు రాశాను.

నా పేరు పొట్నూరు త్రినాథరావు. నడుమూరు బీల పక్షి కేంద్రానికి పర్యవేక్షకుణ్ణి. బీల అంటే ఎండాకాలంలో కూడా పూర్తిగా ఎండని పల్లపు తడి నేల. చలికాలం వచ్చిందంటే అక్కడ వేల పక్షులు దిగుతాయి. ఏటా జనవరి మూడో ఆదివారం వాటిని లెక్కపెట్టి పంపడం మా పని. లెక్కపెట్టేది వాచర్ తవిటయ్య. పంపేది నేను. పంపడం ఎంత కష్టమో లెక్కపెట్టేవాళ్ళకు తెలియదని అప్పట్లో అనుకునేవాణ్ణి.

తవిటయ్య పంతొమ్మిదిన్నరేళ్ళుగా దినవేతనం మీద ఉన్నాడు. ఇరవై నిండితే పర్మినెంటు చేయాలని మండలి తీర్మానం ఉంది. ఇంకో ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ ఆకాశం ఊడిపడకుండా ఉంటే చాలు.

ఆకాశం ఊడిపడలేదు. స్కోపు ఊడిపడింది.

స్పాటింగ్ స్కోపు అంటే ఒంటికన్ను దుర్భిణి. కిలోమీటరు అవతల ఉన్న గూడబాతును తెచ్చి కంటి ముందు కూర్చోబెడుతుంది. బరువుగా ఉంటుంది, చేత్తో పట్టుకుంటే వణుకుతుంది. అందుకే ట్రైపాడ్ మీద బిగించాలి. స్కోపు అడుగున ఒక చిన్న పలకను మరతో బిగిస్తారు. ఆ పలక ట్రైపాడ్ తల మీద ఉన్న గాడిలో కూర్చుంటుంది. పక్కనున్న మీట నొక్కితే ‘టక్’ మని పట్టుకుంటుంది. అంతే. తవిటయ్య పాత స్కోపును పన్నెండేళ్ళు అర నిమిషంలో బిగించాడు. మరను రూపాయి బిళ్ళతో తిప్పి, పలకను గాడిలో పెట్టి, మీట నొక్కి, చివరికి స్కోపును పట్టుకుని ట్రైపాడ్‌తో సహా పైకెత్తి ఊపి చూసేవాడు. ట్రైపాడ్ ఊడి రాకపోతే బిగింపు సరిగ్గా ఉన్నట్టు.

జనవరి నాలుగు. ఉదయం ఏడూ పది. కొత్త స్కోపు ప్రారంభోత్సవం. రిబ్బను కట్టించాను. ఉప సంచాలకులు పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. తవిటయ్య పెట్టె తెరిచి, పలక చేతిలోకి తీసుకుని, అంచు మీద గోటితో గీరి చూశాడు.

“బాబూ, దీనికేటో ఉన్నాది. ఓపాలి సూడనీండి.”

“పెద్దాయన నిలబడి ఉంటే ఇప్పుడు చూస్తావేంటయ్యా! ఇలా ఇవ్వు” అన్నాను.

నేను బిగించాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను స్కోపు బిగించడం అదే మొదటిసారి. పలక గాడిలోకి వెళ్ళింది. మీట ముప్పాతిక దూరం జరిగి గట్టిగా ఆగింది. ‘టక్’ అనలేదు. కొత్తది కదా, మర్యాదగా ఉంటుందేమో అనుకున్నాను. ఊపి చూడలేదు. అధికారుల ముందు ప్రభుత్వ వస్తువును ఊపడం సభ్యతగా అనిపించలేదు.

పరాంకుశం గారు వంగి కన్ను పెట్టారు. ఆరు సెకన్లు. స్కోపు గాడిలోంచి మెల్లగా జారి, ఆయన ఎడమ కాలి బొటనవేలి మీద దిగింది.

స్కోపుకు ఏమీ కాలేదు. పైన రబ్బరు తొడుగు ఉంది. బొటనవేలికి లేదు.

“ఇది... ఎవరి... బిగింపు?” అన్నారాయన, ఒంటికాలి మీద నిలబడి.

నేను నోరు తెరవలేదు. ఆ మాట నొక్కి చెబుతున్నాను. అబద్ధం ఆడలేదు. తవిటయ్య వైపు చూశాను, అంతే. ఒక సెకను చూశాను. ఆ సెకను ఖరీదు ఒక మనిషికి పంతొమ్మిదిన్నరేళ్ళు.

తవిటయ్య నన్ను చూశాడు. తర్వాత బీల వైపు చూశాడు.

మధ్యాహ్నానికి మెమో వచ్చింది. “వాచర్ శ్రీ తవిటయ్య యొక్క అజాగ్రత్త బిగింపు వలన మండలి ఆస్తికిని, ఉప సంచాలకుల ఎడమ పాదమునకును విఘాతము వాటిల్లినందున, అతడు జనవరి 18న పక్షుల గణన ముగిసిన సాయంత్రము ఐదు గంటల నుండి విధుల నుండి తొలగింపబడును. ఈలోగా గణన అతడే చేయవలెను.”

చివరి వాక్యం గమనించాలి. లెక్కపెట్టడం వాడికి తప్ప ఎవరికీ రాదని మండలికి తెలుసు.

ఆ సాయంత్రం తవిటయ్య పలక తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

“ఇదిగో సూడండి బాబూ. దీని అంచుకి నంబరు రాసీసినారు. పసుపు రంగు ఓ పూత, దాని మీద నల్ల రంగు. అంచు మందమైపోనాది. గాడిలో పూరా దిగట్లేదు. అందికే టక్కుమన్లేదు. గీకీండి, సరిపోద్ది.”

నిజమే. మా మండలిలో విడదీయగలిగిన ప్రతి వస్తువుకూ స్టోర్సు నంబరు ఉంటుంది. స్కోపు నాలుగులో ఒకటి, పలక నాలుగులో రెండు, తల మూడు, కాళ్ళు నాలుగు. పిడి విడిగా వస్తుంది కనుక చీపురుకు కూడా రెండు నంబర్లు వేసిన సంస్థ మాది. పలక మీద రాయడానికి అంచు తప్ప చోటు లేదు.

ప్రధాన కార్యాలయంలో స్టోర్సు సూపరింటెండెంటు మాణిక్యాంబ గారికి ఫోన్ చేశాను.

“అమ్మా, పలక మీద నంబరు కొంచెం గీకుతాం.”

“గీకుతారా! త్రినాథరావు గారూ, మీరు చదువుకున్నవారేనా? అది ప్రభుత్వ నంబరు. గీకితే ఆస్తి రూపుమాపిన కేసు అవుతుంది.”

“నంబరు వల్ల స్కోపు పడిపోతోందమ్మా.”

“పడిపోతే మళ్ళీ తీసుకోవచ్చు. నంబరు పోతే ఎక్కడ వెతుకుతారు?”

ఫోన్ పెట్టేశాను. నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, బిగించింది నేనేనని రాసి ఇవ్వడం. రెండోది నాకు బాగా తెలిసిన దారి.

తప్పు మనిషిది కాదు, పద్ధతి లేకపోవడమే తప్పని తేల్చితే తవిటయ్య బయటపడతాడు. నేనూ బయటపడతాను. ఈ రెండో లాభం అప్పుడు నా మనసులో లేదని చెబితే మీరు నమ్మరు. ‘బిగింపు ప్రక్రియకు నియమావళి ఆవశ్యకత’ అని శీర్షిక పెట్టి రాత్రికి రాత్రే పదకొండు పేజీలు పూర్తి చేశాను. ముగ్గురు సభ్యుల బిగింపు సంఘం. బిగింపుకు ముందు ప్రమాణపత్రం, తర్వాత ధ్రువపత్రం. ఇద్దరు సాక్షులు. చివరికి, “బిగింపు తనిఖీ చేయబడినది” అనే ముద్రిత చీటీని “బిగింపు స్థానమునందే” అతికించాలి. ఆ మాట వాడినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను.

పరాంకుశం గారు కూడా మెచ్చుకున్నారు. “త్రినాథరావ్, నీలో శాసనకర్త ఉన్నాడయ్యా! ప్రదర్శన ఏర్పాటు చేయి.”

“మరి తవిటయ్య మెమో, సార్?”

“నియమావళి విజయవంతమైన పిదప ఆ అంశము పరిశీలింపబడును.”

జనవరి ఏడున ప్రదర్శన. సంఘం కూర్చుంది. సాక్షులు నిలబడ్డారు. చీటీని బిగింపు స్థానమునందే, అంటే పలక మీదే, జిగురుతో అంటించారు. రంగు మీద కాగితం, కాగితం కింద జిగురు. ఈసారి మీట సగం దూరమే జరిగింది. ప్రమాణపత్రం నేనే గట్టిగా చదివాను. “సురక్షితముగా” అనే మాట దగ్గరికి వచ్చేసరికి స్కోపు జారి గడ్డిలో పడింది.

తవిటయ్య వెళ్ళి తీసి, పంచె కొంగుతో తుడిచి తెచ్చాడు.

“ఆ సీటీ కూడా గీకాల బాబూ ఇప్పుడు” అన్నాడు నా చెవిలో.

“ఊరుకోవయ్యా, నీకోసమే కష్టపడుతున్నాను.”

“నాకోసం పడకండి బాబూ. దాన్ని పడకుండా సూడండి సాలు.”

నేను వెనక్కి తగ్గే రకం కాదు. నిజం చెప్పే విషయంలో తప్ప దేనికీ వెనక్కి తగ్గను. వరుసగా రెండు సార్లు పడింది కనుక పడటాన్ని కూడా నియమావళిలోకి తెచ్చేయాలనిపించింది. రెండో అధ్యాయం మొదలుపెట్టాను. స్కోపు కింద నలుగురు సిబ్బంది నాలుగు కొసలు పట్టుకుని నిలబడే ఒక దళసరి దుప్పటి. పేరు కోసం ఒక పూట ఆలోచించాను. ‘పతన నిరోధక దుప్పటి’.

అది పతనాన్ని నిరోధించదు, పడ్డాక పట్టుకుంటుంది. ఆ సందేహం తవిటయ్యకు వచ్చింది. మండలిలో ఎవరికీ రాలేదు.

జనవరి తొమ్మిది. దుప్పటి నాలుగో కొస తవిటయ్యదే. ధ్రువపత్రానికి గుర్తుగా మండలి ముద్ర ఉన్న రెండో చీటీ కూడా పలక మీదికి చేరింది. స్కోపు ఈసారి కన్ను పెట్టేదాకా కూడా ఆగలేదు. నేను “పతనం!” అని అరిచాను. నలుగురూ దుప్పటి బిగించారు. స్కోపు మెత్తగా దిగి, రెండుసార్లు ఎగిరి, పడుకుంది.

వెంటనే చప్పట్లు.

పరాంకుశం గారి కళ్ళు చెమ్మగిల్లాయి. “త్రినాథరావ్! ఇంతకాలం మనం పతనాన్ని వ్యతిరేకించాం. అది మన అజ్ఞానం. ఇకపై పతనాన్ని నిర్వహిస్తాం!”

ఆ ఒక్క వాక్యంతో వ్యవహారం నా చేయి దాటింది. మర్నాడే అన్ని కేంద్రాలకూ ఉత్తర్వులు వెళ్ళాయి. “ప్రతి కేంద్రము దినమునకు మూడు పతనములకు తక్కువ కాకుండా సాధన చేయవలెను. వారాంతమున పతన నివేదిక సమర్పింపవలెను.” ఏడు కేంద్రాలకు ఏడు దుప్పట్లు. ఒక్కో దుప్పటికి ఐదు నంబర్లు, నాలుగు కొసలకూ మధ్యకూ. ఒక కేంద్రం పన్నెండు పతనాలు చూపించి ప్రశంసాపత్రం కొట్టేసింది. ఇంకా స్కోపు అందని మరో కేంద్రం గుమ్మడికాయతో సాధన చేసి, నూటికి నూరు శాతం ఫలితం సాధించింది. కేంద్రాల మధ్య పోటీలు పెడదామని ఎవరో ప్రతిపాదించారు. ఆ ఎవరో నేను కాదని చెప్పాలని ఉంది.

పరాంకుశం గారు నన్ను అందరికీ ‘మన బిగింపు నిపుణుడు’ అని పరిచయం చేయసాగారు. తవిటయ్య మెమో గురించి ప్రతిరోజూ అడిగాను. “పరిశీలనలో ఉంది” అని ప్రతిరోజూ చెప్పారు. క్యాలెండరులో పద్దెనిమిది దగ్గర పడుతోంది.

పదిహేడు సాయంత్రం దుప్పటి మడతపెడుతూ తవిటయ్య అన్నాడు. “రేపటితో నా కొస ఒగ్గీయాల కదా బాబూ. నాలుగో కొసకి ఎవుల్ని పెడతారు?”

“అలా అనకు తవిటయ్యా. రేపు కమిషనర్ మేడమ్ వస్తున్నారు. ప్రదర్శన బాగా జరిగితే...”

“బాగా పడితే నా ఉజ్జోగం నిలబడుద్దన్నమాట.”

“నువ్వు వెటకారం చేస్తున్నావా?”

“నానా? నానేటి బాబూ, కొస పట్టుకునేటోణ్ణి.”

జనవరి పద్దెనిమిది. ఆదివారం. లెక్క పది గంటల్లోపు పూర్తి కావాలి. పది దాటితే ఎండకు బీల మీద ఆవిరి లేచి, స్కోపులోంచి చూస్తే పక్షులూ నీళ్ళూ కలిసి వణుకుతాయి. అందుకని బిగింపు ఉదయం ఆరుకే మొదలుపెట్టాం. ప్రమాణపత్రం ఆరున్నరకు. సాక్షుల సంతకాలు ఏడున్నరకు. ఒక సాక్షి సంతకం పోయినసారి సంతకంతో కలవలేదని మళ్ళీ పెట్టించాం. మూడో చీటీ ఎనిమిదింబావుకు. కమిషనర్ మేడమ్ ఎనిమిదిన్నరకు వచ్చారు. మెడలో సొంత బైనాక్యులర్స్, కాళ్ళకు బురద బూట్లు. అలాంటి అధికారిని మా మండలి అంతకుముందు చూడలేదు. పక్షులను చూడటానికి వచ్చారన్న అనుమానం అప్పుడే కలగాల్సింది.

“దూరంగా ఉన్న గుంపులో పట్టెతల బాతులున్నట్టున్నాయి. స్కోపు ఇటు తిప్పండి” అన్నారు.

“మేడమ్, ముందుగా దుప్పటి...” అన్నారు పరాంకుశం గారు.

ఈల మోగింది. నలుగురూ కొసలు పట్టారు. మేడమ్ వింతగా చూసి, వంగి, కన్ను పెట్టారు. “ఆఁ, పట్టెతల బాతులే...”

“పతనం!” అని అరిచాం పద్నాలుగు మందిమి.

మేడమ్ ఉలిక్కిపడి వెనక్కి దూకారు. స్కోపు దుప్పట్లో దిగింది. చప్పట్లు.

“సున్నా నష్టం, మేడమ్!” అన్నారు పరాంకుశం గారు వినయంగా.

“నేను పక్షిని చూస్తున్నాను.”

“అవును మేడమ్. ఆ పక్షికి కూడా నష్టం లేదు.”

ఆవిడ బీల వైపు చెయ్యి చూపించారు. “ఇప్పటిదాకా ఎన్ని లెక్కపెట్టారు?”

“ఈ మాసములో ఇరవై ఆరు, మేడమ్.”

“పక్షులా?”

“పతనములు.”

మేడమ్ గడియారం చూసుకున్నారు. “ఎనిమిదీ నలభై అయింది. నేను అవతలి గట్టు మీద నడిచి పది గంటలకు వస్తాను. నాకు పక్షుల లెక్క కావాలి.” వెళ్ళిపోయారు.

పరాంకుశం గారు వెంటనే అత్యవసర సమావేశం పెట్టారు. ఎజెండాలో ఒకే అంశం. రెండో దుప్పటి.

నేను సమావేశంలోంచి లేచాను. అది ధైర్యం కాదు. ఎదురుగా తవిటయ్య సంచి సర్దుకోవడం కనిపించింది. టార్చిలైటు, వానతొడుగు, రేకు డబ్బా. పంతొమ్మిదిన్నరేళ్ళ సామాను ఒక ఎరువుల సంచిలో పట్టేసింది. ఇంకా సగం సంచి ఖాళీగా ఉంది.

“తవిటయ్యా, చాకుందా?”

ట్రైపాడ్ పట్టుకుని గెస్ట్‌హౌస్ వెనక్కి వెళ్ళాం. మొదట మూడో చీటీ ఊడింది. తర్వాత రెండోది. తర్వాత మొదటిది, ‘బిగింపు తనిఖీ చేయబడినది’. నా పదకొండు పేజీలు పొట్టులా రాలాయి. తర్వాత నల్ల రంగు, దాని కింద పసుపు రంగు. సగం గీకేసరికి నా బొటనవేలు తెగింది.

“ఇలగివ్వండి బాబూ. మీ సేతికి పెన్నే అలవాటు” అని మిగతా సగం తవిటయ్య గీకాడు.

రూపాయి బిళ్ళతో మర తిప్పాడు. పలక గాడిలో కూర్చుంది. మీట పూర్తిగా జరిగింది. టక్. స్కోపు పట్టుకుని ట్రైపాడ్‌తో సహా పైకెత్తి ఊపాడు. ఏదీ ఊడలేదు.

అర నిమిషం.

మిగిలిన గంటలో తవిటయ్య లెక్కపెట్టాడు. అతని పద్ధతి వేరు. కుడి జేబు నిండా చింతపిక్కలు. వంద పక్షులు అయినప్పుడల్లా ఒక పిక్క ఎడమ జేబులోకి వెళుతుంది. కన్ను స్కోపు మీంచి తియ్యడు. పెదాలు మాత్రం కదులుతాయి. నేను పక్కన నిలబడి జాతుల పేర్లు రాసుకున్నాను. ఆ పద్నాలుగు రోజుల్లో నేను చేసిన ఉపయోగకరమైన పని అదొక్కటే. రెండుసార్లు తప్పు రాశాను.

మేడమ్ తిరిగి వచ్చేసరికి తొమ్మిదీ యాభై అయిదు. తవిటయ్య ఎడమ జేబు బోర్లించి లెక్క చూసుకున్నాడు. “నలపై ఆరు పిక్కలమ్మా. మీద పన్నెండు. నాలుగు వేల ఆరొందల పన్నెండు.”

మేడమ్ స్కోపులో కన్ను పెట్టారు. రెండు నిమిషాలు తియ్యలేదు. దుప్పటి లేదు. సమావేశం వదిలి పరుగెత్తుకొచ్చిన పరాంకుశం గారు రెండు చేతులూ స్కోపు కింద పట్టి ఊపిరి బిగబట్టారు.

“ఇది ఇప్పుడెందుకు పడటం లేదు?” అన్నారు మేడమ్.

“దుప్పటి దగ్గర్లోనే ఉందన్న ధీమాతో, మేడమ్” అన్నారు పరాంకుశం గారు.

మేడమ్ నా వైపు తిరిగారు. “మీరు చెప్పండి. మొదటిసారి ఎందుకు పడింది?”

తవిటయ్య నన్ను చూడలేదు. బీల వైపు చూస్తున్నాడు, నాలుగో తారీఖున చూసినట్టే. నా గొంతులో ముప్పై పేజీలు అడ్డం పడ్డాయి. వాటిని పక్కకు నెట్టాను.

“నేను సరిగ్గా బిగించలేదు మేడమ్. ఆ రోజు బిగించింది నేను. తవిటయ్య ముట్టుకోలేదు. ఓసారి చూడనివ్వమని అతను అన్నాడు. నేనే పక్కకు తప్పించాను. దానికి అతన్ని ఈ సాయంత్రం నుంచి తొలగిస్తూ మెమో ఇచ్చారు.”

“వ్రాతపూర్వకముగా ఇవ్వగలవా?” అన్నారు పరాంకుశం గారు. ఆయన ముఖం బొటనవేలి మీద స్కోపు పడినప్పటి కంటే ఎక్కువ నొప్పిగా ఉంది.

ఇచ్చాను. ఒకే వాక్యం. రక్తం కారుతున్న వేలితో సంతకం పెడితే కాగితం మీద మరక పడింది. మేడమ్ దాన్ని చదివి, “విచారణ తేలేదాకా తవిటయ్య మెమో ఆపండి” అని జీపెక్కారు.

సాయంత్రం ఐదయింది. తవిటయ్య సంచి విప్పి రేకు డబ్బా మళ్ళీ అలమరలో పెట్టాడు. నేను ఆ డబ్బా చప్పుడు వింటూ, నాకు రాబోయే శిక్షల జాబితా వేసుకున్నాను. తప్పుడు బిగింపు. వాస్తవం దాచడం. ప్రభుత్వ నంబరు గీకడం. మూడు చీటీల ధ్వంసం. రాయడంలో నాకున్న వేగం ఆ రాత్రి కూడా తగ్గలేదు.

విచారణాధికారి పరాంకుశం గారే. స్టాకు పరిశీలనకు మాణిక్యాంబ గారు స్వయంగా బస్సెక్కి వచ్చారు. కళ్ళజోడు సర్దుకుని పలకను నాలుగు పక్కలా తిప్పి చూశారు.

“దీని మీద నంబరు లేదే!”

“గీకేశామమ్మా. నేనే గీకాను.”

“దేన్ని గీకారు?”

“ఈ పలకనే.”

“ఇది నాలుగులో రెండు అని మీరెలా చెప్పగలరు? దాని మీద నంబరు లేదు కదా.”

నాకు కొంచెం తల తిరిగింది. మాణిక్యాంబ గారికి తిరగలేదు. ఆవిడ రిజిస్టరు తెరిచి, నిదానంగా, దయగా వివరించారు. నంబరు లేని పలక మండలిది కాదు. మండలిది కాని పలకను ఎవరు గీకినా కేసు కాదు. నాలుగులో రెండు లేనప్పుడు నాలుగు భాగాల స్కోపు పూర్తిగా అందినట్టు కాదు. పూర్తిగా అందని వస్తువును స్టాకులోకి ఎక్కించడం నిషిద్ధం. కనుక డిసెంబరులో ఎక్కించింది పొరపాటు. ఆవిడ ఎర్రసిరాతో ఆ వరుస కొట్టేశారు.

“అయితే స్కోపు...” అన్నాను.

“లేదు” అన్నారావిడ. స్కోపు మా ఇద్దరి మధ్యా ట్రైపాడ్ మీద దృఢంగా నిలబడి ఉంది.

ఈ తర్కం పరాంకుశం గారికి దేవుడు పంపిన దుప్పటిలా కనిపించింది. నంబరు పోయిందంటే ఆయన మీదికి వస్తుంది. తప్పు మనిషికి మెమో ఇచ్చారంటే అదీ ఆయన మీదికే వస్తుంది. వస్తువే లేకపోతే ఎవరి మీదికీ ఏదీ రాదు. పది రోజుల్లో తుది నివేదిక వెలువడింది.

“స్టాకునందు లేని వస్తువు పతనమగుట అసంభవము. కావున జనవరి 4న ఏ పతనమూ సంభవించలేదని నిర్ధారణయైనది. సంభవించని పతనమునకు వాచర్ శ్రీ తవిటయ్య బాధ్యుడు కానేరడు. అతని తొలగింపు మెమో రద్దు చేయడమైనది. ఉప సంచాలకుల ఎడమ బొటనవేలి గాయము స్వయంభువుగా పరిగణింపబడును.”

చదివి కుర్చీలోంచి ఎగిరాను. తవిటయ్యను పిలిచి గట్టిగా చదివి వినిపించాను. స్వయంభువు దగ్గర ఆగమన్నాడు. మళ్ళీ చదవమన్నాడు. తర్వాత చాలాసేపు నవ్వి, కండువాతో కళ్ళు తుడుచుకుని, బయటికి వెళ్ళి బీల గట్టు మీద కాసేపు ఒక్కడే కూర్చుని వచ్చాడు.

పక్షుల లెక్క ఒక్కటే మిగిలింది. స్కోపు లేదు కనుక నాలుగు వేల ఆరు వందల పన్నెండు పక్షులనూ తవిటయ్య కిలోమీటరు దూరం నుంచి మామూలు కంటితో చూసినట్టు మండలి నమోదు చేసింది. జిల్లా కంటి వైద్యుడి దగ్గరికి పంపారు. ఆయన పరీక్షించి, దగ్గరి చూపుకు అద్దాలు కావాలని రాశారు. దూరపు చూపు గురించి మండలి అభినందన తీర్మానం చేసింది. ఆరు నెలలు ఆగకుండానే పర్మినెంటు చేస్తూ, ‘అసాధారణ దృష్టి సామర్థ్యము’ అనే కారణం చూపించింది.

నా సంగతికి నివేదిక రెండో పేజీ దాకా రావాల్సి వచ్చింది.

“కేంద్ర పర్యవేక్షకుడు శ్రీ పొట్నూరు త్రినాథరావు, లేని స్కోపును తాను బిగించితిననియు, జరగని పతనము తన వలన జరిగినదనియు, కమిషనర్ వారి సమక్షమున వ్రాతపూర్వకముగా అసత్య ప్రకటన చేసినందున, ఒక ఇంక్రిమెంటు నిలుపుదల చేయుచు, మన్నెం కేంద్రమునకు బదిలీ చేయడమైనది.”

మన్నెం కేంద్రం కాగితం మీద రెండేళ్ళుగా ఉంది. చెరువు ఇంకా తవ్వలేదు.

నా సర్వీసు పుస్తకం ఒకసారి తిరగేశాను. ఇరవై రెండేళ్ళలో నేను పంపిన నివేదికలు, సమర్థనలు, వివరణలు, ముప్పై పేజీల నియమావళి. వాటిలో ఒక్కదాన్ని కూడా ఎవరూ అబద్ధమనలేదు. ఆ నియమావళి ఇప్పటికీ అమల్లో ఉంది. ఏడు కేంద్రాల్లో రోజూ ఈల మోగుతోంది.

బస్టాండుకు తవిటయ్య వచ్చాడు. కొత్త యూనిఫాం గంజితో బిర్రుగా ఉంది. వద్దంటున్నా నా ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని బస్సు పైకి ఎక్కించాడు. తాడు కట్టి, ముడి వేసి, పెట్టెను పట్టుకుని గట్టిగా ఊపి చూసి, దిగి వచ్చాడు. కిటికీ దగ్గర నిలబడ్డాడు.

“అయితే బాబూ, అబద్ధం సెప్పినారని బదిలీ సేసినారటగా?”

“అవును తవిటయ్యా.”

“ఎన్నేళ్ళు సర్వీసు మీది?”

“ఇరవై రెండు.”

బస్సు స్టార్టయింది. తవిటయ్య కిటికీ చువ్వ పట్టుకుని రెండడుగులు వెంట నడిచాడు. ముఖంలో నవ్వు జాడ లేదు. కళ్ళలో మాత్రం ఉంది.

“ఓలమ్మా! ఇన్నేళ్ళలో ఇదొక్కటే దొరికిందేటి ఆళ్ళకి?”